చేతులు కట్టుకుని చూడాల్సిన రైలు

బెంజ్ సర్కిల్ దగ్గర ఒక బట్టల షాపులో, పిల్లల సెక్షను ముందు గాజుపెట్టెలో బొమ్మ రైలు తిరుగుతూ ఉంటుంది. పోయిన శనివారం అమ్మతో వెళ్ళినప్పుడు అది మలుపు దగ్గర ఆగిపోయింది. సేల్స్‌మన్ ఒకాయన మూత తీసి ఇంజన్ని చూపుడువేలితో తోశాడు. జానెడు దూరం నడిచి మళ్ళీ ఆగింది. మళ్ళీ తోశాడు.

"వేలు తియ్యండి," అన్నాను.

ఆయన నా వంక చూశాడు. అమ్మ కూడా చూసింది. మామూలుగా అయితే నేను అలాంటప్పుడు సారీ చెప్పేసే మనిషిని. ఆ రోజు చెప్పలేదు.

"మోటారు బాగానే ఉంది. ముందు పట్టాలు తుడవండి."

"సార్ ఈ బొమ్మల కంపెనీలోనే చేస్తారా?" అన్నాడు ఆయన.

లేదు. ఆ మాటలు కూడా నావి కావు. గుణదలలో మా అపార్టుమెంటు టెర్రస్ మీద రూంలో రైలు నడిపిన ఒకావిడవి. ఆవిడ పోయి రెండు నెలలు దాటింది. పేరు రాయను. రాస్తే తెలిసినవాళ్ళు "అయ్యో, ఆ లెక్చరరు గారా, పాపం ఒక్కరే ఉండేవారు" అంటారు. పాపం అనే మాట ఆవిడకి ఏ వైపునుంచీ అతకదు. అందుకే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

ఆవిడ నాతో అన్న మొట్టమొదటి మాట: "చేతులు కట్టుకో."

టెర్రస్ మీద వాటర్ ట్యాంకు మోటారు ఎంతకీ ఆగడం లేదని వాచ్‌మన్ చెబితే చూడ్డానికి వెళ్ళాను. ఆటోనగర్‌లో మోటార్లు రీవైండింగ్ చేసే వర్క్‌షాపులో ఇంజనీరుని నేను. అపార్టుమెంటులో ఏ మోటారు మొరాయించినా నా తలుపే కొడతారు. ట్యాంకు పక్కన, బిల్డరు సామాన్లకని కట్టి వదిలేసిన రూం తలుపు తీసి ఉంది. లోపల ఈ గోడనుంచి ఆ గోడదాకా బల్ల. బల్ల మీద బెజవాడ స్టేషను, కృష్ణ మీద వంతెన, బందరు కాలవ, రంపప్పొట్టుకి ఆకుపచ్చ రంగేసి పరిచిన వరిచేలు, ఆ చివర కొండపల్లి కొండ. నిజానికి కొండపల్లి పోవడానికి కృష్ణ దాటక్కర్లేదు గానీ, ఈ బల్ల మీద దాటాలి. వంతెన మధ్యలో జానెడు డీజిల్ ఇంజన్, వెనక నాలుగు బోగీలు. ఆగి ఉన్నాయి. నా చెయ్యి దానంతటదే ముందుకు పోయింది.

"చేతులు కట్టుకో!"

కట్టుకున్నాను. ఒకటో క్లాసులో ఎలా కట్టుకునేవాణ్ణో అలాగే. ఆవిడ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యారని తర్వాత తెలిసింది. ఆ గొంతు వింటే ఎవరి చేతులైనా వాటంతటవే కట్టుకుంటాయి.

"ఏం చేద్దామని?"

"కొంచెం తోద్దామనండీ."

"ఆగిపోయిన బస్సనుకున్నావా?"

బొట్టుకి పైన, వాచీలు బాగుచేసేవాళ్ళు కంటికి పెట్టుకునే భూతద్దం. జడముడిలో సన్నటి స్క్రూడ్రైవరు. కాటన్ చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, ఆవిడ వంతెన మీదికి వంగి ఇంజన్ని పలకరించారు. "ఏమే, ఏమైందే నీకు?" తర్వాత నాతో, "వేలితో తోస్తే అది నడిచినట్టు కాదయ్యా. నువ్వు నడిపినట్టు. ఎందుకాగిందో దాన్నే చెప్పనియ్యి."

ట్యాంకు మోటారు సంగతి ఆ రోజు మర్చిపోయాను. ట్యాంకు పొంగి టెర్రస్ అంతా నీళ్ళయ్యాయి.

ఆ రూంలోకి ఎవరొచ్చినా చేతులు కట్టుకోవాల్సిందే. పేపరు బిల్లుకి వచ్చినతనైనా, ఆవిడ పాత స్టూడెంటైన డాక్టరుగారైనా. చూడ్డానికి వచ్చినవాళ్ళు చూపులతోనే చూడాలి. ఎందుకంటే, ఇంజన్ కొంచెం తడబడగానే పక్కవాడి వేలు సాయానికి పోతుంది. ఆ సాయంతో జబ్బు దాక్కుంటుంది. ఇది ఆవిడ సిద్ధాంతం. దీన్ని ఆవిడ రైలు వరకే ఆపలేదు. మోకాళ్ళ నొప్పితో ఒక్కో మెట్టూ పక్కకి తిరిగి ఎక్కేవారు. చెయ్యి అందిస్తే, "నీ చెయ్యి నువ్వు కట్టుకో," అనేవారు.

వచ్చినవాళ్ళు అడిగే ప్రశ్నలు కూడా వరసగా అవే.

"మీవారు రైల్వేలో చేసేవారాండీ?"

"బ్యాంకులో. ఆయన రైలెక్కితే వాంతులు."

"మనవడి కోసమా అండీ?"

"వాడొస్తే రూంకి తాళం వేస్తాను."

"ఈ వయసులో ఇదేం సరదా అండీ?"

"మరే వయసులో ఆడుకోమంటారు? ఆడుకునే వయసంతా మీలాంటివాళ్ళకి టిఫిన్లు చేస్తూనే సరిపోయింది."

స్టేషను ప్లాట్‌ఫారం మీది మనుషుల్ని కొండపల్లిలో బొమ్మలు చేసే ఒకాయన చేత చేయించారు. ఇంతకంటే చిన్న మనిషిని చెక్కితే మొహం రాదమ్మా అన్నాడట ఆయన. అందువల్ల మజ్జిగ అమ్మే ఆవిడ బోగీ కంటే ఎత్తుగా ఉండేది. కొలతలో ఆ తేడా నాకు పళ్ళ మధ్య ఇరుక్కున్న పీచులా ఉండేది.

"స్కేలు తప్పండీ మేడమ్. ఈవిడ బోగీలో పట్టదు."

"ఎక్కే మనిషైతే కదా పట్టాలి? ఆవిడ మజ్జిగ అమ్ముకుంటోంది."

పనిలో మాత్రం ఇలాంటి కబుర్లు చెల్లేవి కావు. ఇంజన్ కుంటుతుంటే చూడాల్సిన వరస ఆవిడ దగ్గర నేర్చుకున్నాను, ఇప్పటికీ వర్క్‌షాపులో అదే పాటిస్తాను. ముందు పట్టాలు. తర్వాత చక్రాలు. తర్వాత చక్రాల నుంచి కరెంటు అందుకునే సన్నటి రాగిరేకులు. తర్వాత పట్టాల అతుకులు. తర్వాత ఎవరో ప్రేమకొద్దీ పోసిన నూనె. అన్నిటికంటే ఆఖర్న మోటారు. "అందరూ ముందు దాన్నే తిడతారు. లోపల ఎక్కడో ఉంది కదా, ఎదురు చెప్పలేదని ధైర్యం," అనేవారు.

నూనె అంటే ఆవిడకి ప్రత్యేకమైన కోపం. మన ఇళ్ళల్లో తలుపు కీచుమన్నా, గొళ్ళెం బిగుసుకున్నా, మోకాలు పట్టేసినా కొబ్బరినూనె సీసానే బయటికొస్తుంది. జానెడు ఇంజన్‌కి నూనె ఎక్కువైతే అది చక్రాల మీదికి, అక్కణ్ణుంచి పట్టాల మీదికి పాకి, దుమ్ముతో కలిసి జిగురవుతుంది. పట్టాల్ని ఉప్పుకాగితంతో రుద్దడం కూడా నిషిద్ధం. ఆ గీతల్లో మురికి కాపురం పెడుతుందట. ఆవిడ వాడేది ఉతికి ఉతికి మెత్తబడ్డ మంగళగిరి చీర ముక్క. దాన్ని స్పిరిట్‌లో తడిపి పట్టాలకి అడ్డంగా పరిచేవారు. ఇంజన్ చక్రాల్లో సగం బట్ట మీద, సగం పట్టాల మీద ఉండేట్టు పట్టుకుని కరెంటు ఇచ్చేవారు. పట్టాల మీదివి కరెంటు అందిస్తుంటే, బట్ట మీదివి గిర్రున తిరిగి నల్లటి చారలు వదిలేవి. తర్వాత ఇంజన్ని తిప్పి పట్టుకుని మిగతా సగం.

"చూడు, దాని స్నానం అదే చేసుకుంటోంది," అనేవారు గర్వంగా.

నేను చదువుకున్నవాణ్ణి కాబట్టి సలహాలు ఇస్తూ ఉండేవాణ్ణి. "ఇంజన్లో ఒక కెపాసిటర్ పెడదామండీ. మురికి దగ్గర కరెంటు అందకపోయినా అందులో దాచుకున్నదాంతో దాటేస్తుంది."

"అంటే జబ్బు కనుక్కోకుండా టానిక్ పోద్దామంటావు."

ఎప్పుడూ ఆవిడే గెలిచారనుకోకండి. ఒక వానాకాలం వంతెన దిగువన రైలు ఈసురోమంటూ నడిచేది. మురికే అని ఆవిడ మూడు సాయంత్రాలు తుడిచారు. నాలుగోరోజు నేను మీటరు పెట్టి చూస్తే వంతెన చివర అతుకు దగ్గర వోల్టేజి పడిపోతోంది. చెమ్మకి అతుకు లోపల చిలుము పట్టింది. ఆ ముక్కకి విడిగా వైరు సోల్డరింగ్ చేశాను. రైలు దూసుకుపోయింది. ఆవిడ మీటరుని చూశారు, నన్ను చూశారు, కిందికి తీసుకెళ్ళి పెసరట్టు వేశారు.

"ఇది మీటరుకి. నీక్కాదు," అన్నారు, రెండోది కూడా వేస్తూ.

రూం గొడవ పోయిన ఏడాది దసరాకి ముందు మొదలైంది. మా సెక్రటరీ గారు ఎరువుల కొట్టు కొడుక్కి అప్పజెప్పి అపార్టుమెంటు మీద పడ్డ మనిషి. చెడ్డవారేం కాదు. ఏదో ఒకటి బాగుచెయ్యకపోతే ఆయనకి తోచదు. సెల్లారులో కుర్చీలు వేయించి మీటింగు పెట్టారు.

"మేడమ్ గారూ, అందరూ జిమ్ కావాలంటున్నారండీ. ఖాళీగా ఉన్నది ఆ రూం ఒక్కటే."

"ఖాళీ ఏంటండీ? రైలుంది."

"నేనెప్పుడొచ్చి చూసినా ఆగే ఉంటుంది కదండీ! నడవని రైలుకి రూమెందుకు చెప్పండి?"

అందరూ నవ్వారు. నిజానికి ఆయన వచ్చినప్పుడల్లా ఆవిడ ఏదో ఒకటి విప్పి కూర్చుని ఉండేవారు.

"మీ ట్రెడ్‌మిల్లు మీద ఎంత నడిచినా ఉన్నచోటే కదండీ," అన్నారావిడ. "నా రైలు కొండపల్లి దాకా అయినా పోతుంది."

ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు. సెక్రటరీ గారి మొహం ఎర్రబడింది. "అయితే నడిపి చూపించండి. అందరి ముందూ."

"దసరా వెళ్ళాక వచ్చే ఆదివారం రండి. బెజవాడలో బయల్దేరి, కొండపల్లి చుట్టి మళ్ళీ బెజవాడ. మధ్యలో నా చెయ్యి గానీ ఇంకెవరి చెయ్యి గానీ తగిలిందా, తాళంచెవి అక్కడికక్కడే మీ చేతిలో పెడతాను."

మెట్లెక్కుతూ అన్నాను, "పందెం ఎందుకండీ? బతిమాలితే ఇంకో ఏడాది ఉంచేవాళ్ళు."

"ఉంచేవాళ్ళు, జాలిపడి." ఒక మెట్టు ఎక్కి ఆగారు. "అదీ వేలితో తొయ్యడమే."

శనివారం సాయంత్రం రైలు ఒక్క తడబాటు లేకుండా తిరిగింది. నేను కళ్ళారా చూశాను. ఆదివారం పొద్దున జనం రూంలో పట్టక కిటికీ దగ్గర కూడా నిలబడ్డారు. ఆవిడ పట్టుచీర కట్టుకొచ్చారు. స్క్రూడ్రైవరు మాత్రం జడముడిలోనే ఉంది.

"అందరూ చేతులు కట్టుకోండి."

నవ్వుకుంటూ కట్టుకున్నారు. సెక్రటరీ గారు కట్టుకోలేదు. "నేనేమన్నా ఒకటో క్లాసా అండీ?" అని చేతులు వెనక్కి పెట్టుకున్నారు. ఆయన భార్య, నేను ఆంటీ అని పిలిచే ఆవిడ, గుమ్మం దగ్గర నిలబడి ఇంజన్ వైపు గుళ్ళో హారతిని చూసినట్టు చూస్తోంది.

మేడమ్ కంట్రోలర్ తిప్పారు. రైలు ఒక్క కుదుపు కుదిపి ఆగింది. మళ్ళీ కదిలింది, మళ్ళీ ఆగింది. నత్తిగా మాట్లాడుతున్నట్టు అలాగే వంతెన దాకా వెళ్ళి, మధ్యలో పూర్తిగా నిలిచిపోయింది. కింద గుణదల లైనులో నిజం రైలు ఒకటి హాయిగా వెళ్ళిపోయింది.

సెక్రటరీ గారు వెక్కిరించలేదు. వెక్కిరిస్తే బాగుండేది. మెత్తగా అన్నారు, "పోన్లెండి మేడమ్ గారూ. కొంచెం తొయ్యండి. ఎవరం ఏమీ అనుకోం."

"తొయ్యను."

"మరి?"

"బాగుచేస్తాను. మళ్ళీ మొదట్నుంచి నడుపుతాను."

"ఎంత టైం పడుతుందండీ?"

"నడిచేదాకా."

స్టూలు లాక్కుని కూర్చున్నారు. భూతద్దం కంటికి దించుకుని, తడి చీర ముక్కతో పట్టాన్ని ఒక్కసారి రుద్ది, బట్టని చూశారు. వాసన చూశారు. నాకూ చూపించారు. మురికి నల్లగా ఉండాలి. ఇది పచ్చగా ఉంది. పసుపు! తల ఎత్తి చూద్దును కదా, గుమ్మంలో ఆంటీ చేతులు కొంగులో దాచుకుంటోంది. గోళ్ళు పచ్చగా ఉన్నాయి. రూం డూప్లికేట్ తాళంచెవి ఉండేది వాళ్ళింట్లోనే.

"మేడమ్, ఇది..." అన్నాను.

ఆవిడ నా కాలు గట్టిగా తొక్కారు.

"దుమ్మండీ," అన్నారు సెక్రటరీ గారితో. "ఈ రూంలో దుమ్మెక్కువ."

తర్వాత ఆవిడ తొందరపడలేదు. పట్టాలన్నీ తుడిచారు. ఇంజన్‌కి స్నానం చేయించారు, తిప్పి మళ్ళీ చేయించారు. రాగిరేకుల మధ్య ఇరుక్కున్న కుంకుమ రవ్వల్ని జడపిన్నుతో తీసి అరచేతిలో దాచారు. కింది ఫ్లాట్లలోంచి ఆదివారం కోడికూర వాసన వస్తోంది. చాలామంది జారుకున్నారు. సెక్రటరీ గారు పోలేదు. నిలబడే ఉన్నారు.

రైలుని మళ్ళీ బెజవాడ స్టేషన్లో పెట్టి కంట్రోలర్ తిప్పారు. ఈసారి రైలు మెత్తగా కదిలి స్టేషను దాటింది. వంతెన ఎక్కింది. చివర, నేను వైరు వేసిన అతుకు దగ్గర, ఒక్క క్షణం వేగం తగ్గింది. సెక్రటరీ గారి చెయ్యి వెనకనుంచి ముందుకొచ్చి గాల్లో నిలిచింది. ఏం చేద్దామని వచ్చిందో ఆయనకీ తెలిసినట్టు లేదు. రైలు అతుకు దాటింది. కొండపల్లి చుట్టి, చేల పక్కగా వచ్చి, మజ్జిగ అమ్మే ఆవిడ ముందు ఆగింది.

మేడమ్ తాళంచెవిని కొంగుకి ముడేసుకున్నారు. "ఎప్పుడైనా రావచ్చండీ మీరు. చేతులు కట్టుకుని."

సెక్రటరీ గారు కిటికీ వైపు చూశారు. "దుమ్మెక్కువేనండీ. కిటికీకి మెష్ వేయించాలి," అన్నారు. ఆ వారమే దగ్గరుండి వేయించారు, ఎక్కడా సందు లేకుండా. ఆ మెష్‌ని చూసినప్పుడల్లా మేడమ్ దగ్గొచ్చేదాకా నవ్వేవారు.

పందెం నాటి సాయంత్రమే ఆంటీ పులిహోర గిన్నెతో వచ్చి, కళ్ళనీళ్ళు పెట్టుకుని అంతా చెప్పేసిందట. శనివారం రాత్రి, మేడమ్ గెలవాలని అమ్మవారికి మొక్కుకుని, గడపకి పూసినట్టు పట్టాలకి పసుపు పూసి, చక్రం చక్రానికీ బొట్టు పెట్టింది. మేడమ్ చూస్తే కోప్పడతారని పట్టాల్ని మళ్ళీ తడిబట్టతో తుడిచేసింది. దాంతో పసుపు పలచటి పొరలా అంతటా పరుచుకుంది.

"ఆయనకి నిజం చెప్పాల్సింది కదండీ?" అన్నాను.

"చెప్తే? ఇంటికెళ్ళాక ఆ పిల్లని జన్మంతా ఏడిపిస్తాడు."

"మరి మీరు ఓడిపోయుంటే?"

"ఓడిపోలేదుగా," అన్నారు, పులిహోర నా వైపు తోస్తూ.

ఈ వానల్లో జ్వరమన్నారు, ఆసుపత్రి అన్నారు. చూడ్డానికి వెళ్తే, ఎవరో మందుల బండి తోసుకుపోతుంటే అది కీచుమంది. "నూనె వెయ్యద్దని చెప్పు. ముందు తుడవమను," అన్నారు కళ్ళు మూసుకునే. తర్వాత, "వంతెన అతుకు చూస్తూ ఉండు." నేను విన్న ఆఖరి మాట అదే. వేదాంతం ఏమీ చెప్పలేదు. చెప్పే మనిషి కాదు.

బట్టల షాపునుంచి వచ్చిన మర్నాడు ఆదివారం. ఆవిడ అక్కగారి అబ్బాయి సామాను తీసేయడానికి తెనాలి నుంచి వచ్చారు. జిమ్ కావాలనేవాళ్ళు మళ్ళీ అడగడం మొదలుపెట్టారు. "ఒకసారి నడిపి చూద్దాం. నడిస్తే ఉంచుదాం, లేకపోతే లేదు," అన్నారు సెక్రటరీ గారు. తాళం తీశాం. సెక్రటరీ గారు, ఆంటీ, ఆ అక్కగారబ్బాయి, మరో నలుగురు. వానాకాలమంతా మూసి ఉన్న రూం. నేను కంట్రోలర్ తిప్పాను. రైలు కదిలి, రెండు కుదుపులు కుదిపి, సరిగ్గా వంతెన మధ్యలో ఆగింది.

"పాతదైపోయిందండీ," అంటూ అక్కగారబ్బాయి వేలు చాపారు.

"చేతులు కట్టుకోండి," అన్నారు సెక్రటరీ గారు.

"ఏంటండీ?"

"చేతులండీ. ఇక్కడ రూలది."

గుమ్మంలోంచి ఆంటీ కంగారుగా, "ఈసారి నేనేం పుయ్యలేదండోయ్!" అంది.

సెక్రటరీ గారు మెల్లగా వెనక్కి తిరిగారు. "ఈసారేంటి?"

ఆంటీ నాలుక కరుచుకుంది. ఆయన ఆవిణ్ణి చూశారు. సందు లేకుండా వేయించిన మెష్‌ని చూశారు. నా వైపు తిరిగారు.

"మరి అప్పటి దుమ్ము?"

"దుమ్మేనండీ," అన్నాను ఆయన కళ్ళలోకి చూస్తూ. "ఈ రూంలో దుమ్మెక్కువ."

ఆయన చాలాసేపు ఆ మెష్ వంకే చూశారు. మీసం కింద ఏదో కదిలింది. "ఎంత టైం పడుతుందయ్యా?"

"నడిచేదాకానండీ."

కిటికీలో ఉన్న స్పిరిట్ సీసా తీసి చీర ముక్క తడిపాను. సెక్రటరీ గారు ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని వంతెనకి ఎదురుగా కూర్చున్నారు. ఈసారి ఎవరూ చెప్పకుండానే చేతులు కట్టుకున్నారు.